బడికో పెట్టె చాలు, బిడ్డకో ట్యాబ్ అక్కర్లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రభుత్వ బడుల్లో ఆన్‌లైన్ చదువు అన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు అంకెల చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని ట్యాబ్‌లు పంచాలి, ఎన్ని బడులకు ఇంటర్నెట్ లైను వేయాలి అని. ఈ రెండూ ఖర్చు లెక్కలే గాని చదువు లెక్కలు కావు. తక్కువ డబ్బుతో పిల్లలకు నిజంగా చదువు అబ్బాలంటే బడికి ఒక చిన్న సర్వరు (పాఠాలను బడిలోనే దాచి, వైఫై ద్వారా పిల్లల ఫోన్లకు అందించే కంప్యూటరు), అందులో పిల్లల పొరపాట్లను పసిగట్టే ప్రశ్నలు, ఆ ఫలితం చూసి మర్నాటి పాఠం మార్చుకునే తీరిక ఉన్న టీచరు కావాలి. దీన్ని ఎలా అమర్చుకోవాలో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో వివరంగా రాస్తున్నాం. కొనుగోళ్లు చూసే అధికారులకు, బడి కమిటీలకు, దాతలకు పనికొస్తుందని ఆశిస్తున్నాం.

పరికరం చేతికిస్తే చదువు దానంతటదే వస్తుందా అన్న ప్రశ్నకు పెరూ దేశం ఎప్పుడో జవాబు చెప్పింది. అక్కడ పిల్లవాడికో ల్యాప్‌టాప్ పథకం కింద పల్లె బడులకు కంప్యూటర్లు పంచారు. 319 బడుల్లో పరిశోధకులు 15 నెలల తర్వాత పరీక్ష పెట్టి చూస్తే, ల్యాప్‌టాప్ ఉన్న బడికీ లేని బడికీ లెక్కల్లో గాని భాషలో గాని తేడా కనబడలేదు. పరికరం వచ్చింది గాని పాఠం చెప్పే తీరు మారలేదు. ఢిల్లీలో జరిగిన మరో అధ్యయనం దీనికి భిన్నంగా తేలింది. 2019లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, లాటరీ ద్వారా ఎంపికైన పిల్లలు బడి అయ్యాక ఒక కేంద్రంలో నాలుగున్నర నెలలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదివారు. లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల వచ్చింది. చాలామంది పిల్లలు తాము కూర్చున్న తరగతి కంటే ఎన్నో మెట్లు కింద ఉన్నారని ఆ సాఫ్ట్‌వేర్ మొదట కనిపెట్టింది, ఆ మెట్టు దగ్గరి నుంచే ప్రశ్నలు ఇచ్చింది. అక్కడ సగం సమయం తెర ముందు గడిస్తే మిగతా సగం మనిషి దగ్గర చిన్న గుంపులో గడిచింది. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

మొదట డేటా లెక్క చూద్దాం, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఫోన్ తెర మీద చూడదగ్గ మామూలు పాఠం వీడియోకు సెకనుకు సుమారు అర మెగాబిట్ పడుతుంది. 8 నిమిషాల పాఠమంటే 480 సెకన్లు, అంటే 240 మెగాబిట్లు, మెగాబైట్లలో 30. తరగతిలో 40 మంది ఎవరికి వారు ఇంటర్నెట్ నుంచి చూస్తే 1,200 ఎంబీ ఖర్చవుతుంది. పైగా అందరూ ఒకేసారి చూస్తే సెకనుకు 20 మెగాబిట్ల వేగం ఆ 8 నిమిషాలూ తగ్గకుండా రావాలి. పేరుకు 20 ఉన్న లైను కూడా మధ్యాహ్నానికి అంత ఇవ్వదు. అదే పాఠాన్ని రాత్రిపూట ఒక్కసారి దించుకుని బడిలోనే సర్వరు పెట్టెలో ఉంచితే అయ్యే ఖర్చు 30 ఎంబీ. మర్నాడు 40 మంది చూసినా, నాలుగు సెక్షన్లు చూసినా, వచ్చే ఏడాది పిల్లలు చూసినా కొత్త ఖర్చు లేదు. నెమ్మదైన లైను ఉన్న బడికి కూడా ఇది సాధ్యమే. లైనే లేని బడికి నెలకోసారి పెన్ డ్రైవులో తెచ్చి ఎక్కించవచ్చు.

ఆ పెట్టెలో ఏముండాలి? రాస్ప్‌బెర్రీ పై 4 వంటి చిన్న కంప్యూటరు, 4 జీబీ మెమరీ ఉన్నది సరిపోతుంది. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ కూడా ఈ పని చక్కగా చేస్తుంది. దాని బ్యాటరీ బాగుంటే ఇంకా మేలు, కరెంటు పోయినా వెంటనే ఆగదు. దానికి పాఠాలు దాచుకునే 250 జీబీ ఎస్‌ఎస్‌డీ, పిల్లల ఫోన్లు తగులుకోవడానికి విడిగా ఒక వైఫై యాక్సెస్ పాయింటు, చిన్న బ్యాటరీ బ్యాకప్, కంప్యూటరునూ యాక్సెస్ పాయింటునూ కలిపే కేబులు. ఇంతే. 250 జీబీ చాలుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. కింద చెప్పే పద్ధతిలో కుదించిన 8 నిమిషాల పాఠం దాదాపు 18 ఎంబీ ఉంటుంది. ఒక సబ్జెక్టుకు ఏడాదికి 100 పాఠాలు అనుకుంటే 1.8 జీబీ. 10 తరగతులు, తరగతికి 5 సబ్జెక్టులు కలిపినా 90 జీబీ దాటదు.

ఈ పెట్టెలు ఎందుకు చెడిపోతాయో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. చాలా బడుల్లో మొదట పోయేది మెమరీ కార్డు. సర్వరు ఎప్పుడూ ఏదో ఒకటి కార్డు మీద రాస్తూనే ఉంటుంది, రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైళ్ల పట్టిక చెడి మళ్లీ లేవదు. అందుకే డేటాను కార్డులో కాకుండా ఎస్‌ఎస్‌డీలో ఉంచాలి, బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి, సాయంత్రం స్విచ్ తీసే ముందు షట్‌డౌన్ చేయాలి. ఆ పని ఎవరిదో గోడ మీద పేరుతో సహా రాసి ఉంచాలి. రెండోది ఛార్జరు. రాస్ప్‌బెర్రీ పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి. ఫోన్ ఛార్జరు పెడితే దీపం వెలుగుతుంది, పని చేస్తున్నట్టే ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ పని పెరగగానే వోల్టేజి పడిపోయి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. తెర మూలన చిన్న మెరుపు గుర్తు కనబడితే కారణం ఇదే. సన్నటి, పొడుగాటి యూఎస్‌బీ కేబులు వాడినా ఇదే జబ్బు వస్తుంది.

మూడోది గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4లో సొంత గడియారం లేదు, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని బడిలో కరెంటు పోయి వస్తే తేదీ వెనక్కి పోతుంది. పాఠాలు ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించరు. నెలాఖరున చూస్తే ఏ పిల్లవాడు ఏ రోజు ఏం చేశాడో అన్న రికార్డంతా కలగాపులగం అయిపోయి ఉంటుంది. బటన్ సెల్‌తో పనిచేసే గడియారం మాడ్యూలు తగిలిస్తే తీరే సమస్య ఇది. దాని ధర పెట్టె ధరలో చాలా చిన్న భాగం, అయినా టెండర్లలో ఎక్కువసార్లు వదిలేసేది దీన్నే.

ఇక వైఫై. ఆ చిన్న కంప్యూటరులో ఉన్న వైఫై పదిమందికి మించితే తడబడుతుంది, అందుకే విడి యాక్సెస్ పాయింటు అడుగుతున్నాం. దొంగతనం భయంతో సర్వరునూ దాన్నీ కలిపి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తుంటారు. ఇనుము సిగ్నలును మింగేస్తుంది, లోపల వేడి పెరుగుతుంది, 80 డిగ్రీలు దాటగానే కంప్యూటరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. సర్వరును గాలాడే జాలీ పెట్టెలో తాళం వేసి ఉంచి, యాక్సెస్ పాయింటును మాత్రం గోడకు తలెత్తు కంటే పైన బిగించాలి. ఉదయం తరగతులకు బాగా పనిచేసి మధ్యాహ్నం తరగతులకు ‘కనెక్ట్ కావట్లేదు’ అనే ఫిర్యాదు వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వైఫైకి తగులుకున్న ప్రతి ఫోనుకూ ఒక నెట్‌వర్క్ చిరునామా కావాలి; వాటిని పంచే రౌటరు దగ్గర ఇవ్వడానికి ఉన్న చిరునామాలు, మామూలుగా ఓ 100 ఉంటాయి, ఉదయం ఫోన్లకే అయిపోయాయి. ఒక్కో చిరునామాను 24 గంటలు పట్టి ఉంచే సెట్టింగును ఒక గంటకు మార్చితే చాలు.

ఇంకో చిక్కు ఫోన్ల వైపు నుంచి వస్తుంది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను గ్రహించి, మనల్ని అడగకుండానే మొబైల్ డేటాకు మారిపోతుంది. అప్పుడు బడి సర్వరు పేజీ తెరుచుకోదు. తరగతి మొదట్లో మొబైల్ డేటా ఆపించాలి, లేదా ‘ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండు’ అని ఫోను అడిగినప్పుడు అవును అనాలి. ఈ ఒక్క వాక్యం తెలియక ‘సర్వరు పాడైంది’ అని మూలన పెట్టేసిన పెట్టెలు ఉంటాయి.

కరెంటు సంగతి. సర్వరు, యాక్సెస్ పాయింటు కలిసి 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే 8 గంటలకు 120 వాట్ అవర్లు. 12 వోల్టుల 20 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో 240 ఉన్నా, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు త్వరగా తగ్గిపోతుంది కాబట్టి వాడుకోదగ్గది 120 మాత్రమే. బడి రోజంతా కరెంటు లేకపోయినా నడుస్తుంది. ప్రొజెక్టరును మాత్రం ఈ బ్యాటరీ మీద వేయకూడదు, అది ఒక్కటే 200 వాట్లు దాటవచ్చు.

సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇంటర్నెట్ లేని బడుల కోసం తయారు చేసిన కోలిబ్రి ఉచితం. పిల్లవాడు ఏ ప్రశ్న ఎన్నిసార్లు తప్పాడో టీచరుకు చూపిస్తుంది, ఒకే వైఫైలో ఉన్న రెండు పెట్టెల మధ్య ఇంటర్నెట్ లేకుండానే రికార్డులు సరిచూసుకుంటుంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియాను మొత్తంగా దించి పెట్టుకోవచ్చు. బొమ్మలతో సహా ఇంగ్లీషుది సుమారు 100 జీబీ, తెలుగుది అందులో చిన్న భాగమే. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే తెర మీది ప్రయోగాలు బ్రౌజరులోనే నడుస్తాయి. విద్యుత్ వలయం, లోలకం, భిన్నాలు ప్రయోగశాల లేని బడిలో చేయించడానికి ఇంతకంటే చౌక మార్గం కనబడదు. పరీక్షలు, అసైన్‌మెంట్లు నడపాలంటే మూడిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కాని దానికి నిర్వాహకుడు కావాలి. ఒక్కో బడిలో కాకుండా జిల్లా స్థాయిలో ఒకటి పెట్టుకోవడం మంచిది.

పాఠాలను సొంతంగా తీయించాలనుకునే వారికి రెండు మాటలు. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల మీద, 69 లక్షల వీక్షణలను పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా కనీసం సగం వీక్షణల్లో శ్రద్ధ 6 నిమిషాలకు మించి నిలవట్లేదని అందులో తేలింది. కాబట్టి 40 నిమిషాల క్లాసును అలాగే తీసి పెట్టడం దండగ. ఒక భావనకు ఒక వీడియో, 6 నుంచి 8 నిమిషాలు, మధ్యలో ఒకసారి ఆపి ప్రశ్న. బొమ్మ కంటే మాట ముఖ్యం. మసక బొమ్మను పిల్లలు భరిస్తారు, గరగరలాడే మాటను రెండు నిమిషాలు కూడా వినరు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఫ్యాను ఆపాలి, చప్పట్లు కొడితే మారుమోగే గది వద్దు. కుదించేటప్పుడు 480 గీతల రిజల్యూషన్, నల్లబల్ల పాఠానికి సెకనుకు 15 ఫ్రేములు, ధ్వని ఒకే ఛానెల్‌లో 64 కిలోబిట్లు చాలు. బల్ల మీద కదలిక తక్కువ కాబట్టి ఫైలు బాగా చిన్నదవుతుంది, సెకనుకు 300 కిలోబిట్ల దగ్గర నిలుస్తుంది. కొత్త కోడెక్‌లు (వీడియోను కుదించే పద్ధతులు) ఇంకా కుదిస్తాయి గాని పాత ఫోన్లలో ఆగి ఆగి ఆడతాయి, ఫోను వేడెక్కుతుంది. హెచ్ 264 అనే పాత కోడెక్ దగ్గరే ఆగడం క్షేమం. ప్రజల డబ్బుతో తీసిన ప్రతి పాఠమూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, ఎవరైనా దించుకుని మార్చుకునేలా ఉండాలి. కాపీ చేసుకునే హక్కు లేని వీడియోను ఏ బడీ చట్టబద్ధంగా పెట్టెలో పెట్టుకోలేదు, దాంతో ఈ ఏర్పాటంతా కూలిపోతుంది.

అయితే వీడియోల మీద పెట్టే శ్రమలో సగమైనా ప్రశ్నల మీద పెట్టాలని మా గట్టి అభిప్రాయం. మంచి పాఠం చెప్పే టీచర్లు బడుల్లో ఉన్నారు. 40 మందిలో ఎవరికి ఏ చోట తెగిందో ఒక్క పీరియడ్‌లో కనిపెట్టడం మాత్రం ఏ మనిషికీ కష్టం. యంత్రం సాయం కావలసింది అక్కడ. ఇప్పుడున్న ఆన్‌లైన్ క్విజ్‌లలో తప్పు జవాబులను ఏదో ఒక అంకె వేసి నింపేస్తున్నారు. దాంతో తప్పాడు అని తెలుస్తుంది గాని ఎందుకు తప్పాడో తెలియదు.

ఒక చిన్న తీసివేత చూడండి. 302 లోంచి 147 తీసేయాలి. సరైన జవాబు 155. మిగతా మూడు ఐచ్ఛికాలుగా 245, 165, 255 ఇవ్వండి. 245 ఎంచుకున్న పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె లోంచి చిన్నది తీసేస్తున్నాడు. 7 లోంచి 2, 4 లోంచి 0, 3 లోంచి 1. అతనికి అప్పు తీసుకోవడం అన్న ఆలోచనే లేదు. 165 ఎంచుకున్న పిల్ల వందల స్థానం నుంచి అప్పు తెచ్చింది, పదుల స్థానంలోని సున్నను 10 చేసింది. అందులోంచి ఒకట్లకు ఒకటి ఇచ్చాక అది 9 కావాలన్నది మరిచింది. 255 ఎంచుకున్నవాడు సున్నను సరిగ్గా 9 చేశాడు గాని, అప్పిచ్చిన వందల్లో ఒకటి తగ్గించలేదు. ముగ్గురికీ చెప్పాల్సిన పాఠాలు మూడు రకాలు. మొదటివాడికి పది పుల్లల కట్టలు విప్పి చూపించాలి, అతని ముందు మళ్లీ అదే లెక్క బోర్డు మీద చేస్తే లాభం లేదు. మిగతా ఇద్దరికీ సున్న మధ్యలో వచ్చే లెక్కలు నాలుగు చేయిస్తే సరిపోవచ్చు. ఒక్క ప్రశ్న నుంచి టీచరుకు ఇంత సమాచారం వస్తుంది, మూడు అంకెలను ఆలోచించి ఎంచుకున్నందుకు.

దశాంశాల్లో ఒక్క ప్రశ్నే మోసం చేస్తుంది. 0.4, 0.35లో ఏది పెద్దది అంటే 0.35 అన్నవాడు బిందువు తర్వాతి అంకెలను మామూలు సంఖ్యల్లా చదువుతున్నాడు, 35 పెద్దదని. సరిగ్గా 0.4 అన్నవాళ్లందరికీ విషయం వచ్చినట్టేనా? కాదు. ‘అంకెలు తక్కువుంటే పెద్దది’ అనే తప్పు సూత్రం పట్టుకున్నవాళ్లూ 0.4 అనే అంటారు. వెంటనే 0.4, 0.75 అడిగితే వాళ్లు బయటపడతారు. కాబట్టి ఇలాంటి ప్రశ్నలు జంటగా ఉండాలి. ఊహించి కొట్టడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న ఒక్కటైతే గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకసారి తగులుతుంది. ఒకే భావన మీద మూడు ప్రశ్నలడిగితే మూడూ గుడ్డిగా తగిలే అవకాశం 64లో ఒకటి.

తరగతి రిపోర్టు ర్యాంకుల పట్టికలా ఉండకూడదు. పొరపాటు వారీగా పేర్లు రావాలి, ఒక్క పేజీలో. ‘245 అన్నవాళ్లు 11 మంది, వాళ్లు వీళ్లు’ అని కనబడితే టీచరు మర్నాడు గుంపులు చేసుకోగలరు. 30 పేజీల గ్రాఫులు ఎవరూ చూడరు. ఇలాంటి ప్రశ్నలు తయారు చేయడానికి కంప్యూటరు తెలిసినవాళ్లు అక్కర్లేదు. నోటు పుస్తకాలు దిద్దుతూ పిల్లల తప్పులు ఏళ్ల తరబడి చూసిన టీచర్లు కావాలి. ఒక్కో భావనకు ముగ్గురు నలుగురు టీచర్లు కూర్చుని దిద్దిన పుస్తకాలు ముందేసుకుంటే, ఎక్కువగా వచ్చే రెండు మూడు పొరపాట్లు ఒక పూటలో తేలిపోతాయి. ఒకసారి తయారైన ప్రశ్న రాష్ట్రంలో ప్రతి బడికీ ఉచితంగా చేరుతుంది. చౌకదనం అంటే మా దృష్టిలో ఇదే.

పిల్లలకు ఫోన్లే లేకపోతే? టీచరు ఫోను ఒక్కటి చాలు. ప్లికర్స్ వంటి పద్ధతిలో ప్రతి పిల్లకూ గళ్ల గుర్తు అచ్చువేసిన అట్టముక్క ఒకటి ఇస్తారు. అట్ట నాలుగు వైపులా నాలుగు జవాబులు. తన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటే టీచరు ఫోను కెమెరాతో తరగతిని ఒకసారి చుట్టి చూపిస్తే ఎవరు ఏమన్నారో నమోదైపోతుంది. అక్షరాలు చిన్నగా ఉంటాయి కాబట్టి పక్కవాడిది చూసి పెట్టడం కష్టం. మామూలుగా 40 అట్టల కట్ట వస్తుంది. తప్పులు ఎక్కడంటే, మన్నుతాయని మెరిసే ల్యామినేషన్ చేయిస్తారు. వెలుతురు దాని మీద తళుక్కుమని కెమెరాకు గుర్తు కనబడదు. మెరుపు లేని మందపాటి అట్ట వాడాలి. వేళ్లు గళ్ల మీద పడకుండా అంచులు పట్టుకోవడం నేర్పాలి. పిల్లల వెనక కిటికీ ఉంటే వాళ్లను తిప్పి కూర్చోబెట్టాలి.

ఇంటి దగ్గరి చదువుకు స్మార్ట్‌ఫోన్ ఉండాలన్న నియమం కూడా లేదు. 2020లో బడులు మూతపడినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి వారానికో ఎస్ఎంఎస్‌లో లెక్కలు పంపారు, ఇంకొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు 20 నిమిషాల ఫోన్ కాల్ చేసి పిల్లవాడితో ఆ లెక్క చేయించారు. ఎస్ఎంఎస్ ఒక్కటే చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. ఫోన్ కాల్ చేర్చినప్పుడు పిల్లలు లెక్కల్లో ముందుకు వెళ్లారు. మామూలు బటన్ ఫోనుతో అయ్యే పని ఇది. తెలుగులో ఎస్ఎంఎస్ పంపేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 స్థానాలే పడతాయి. గుణింతపు గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి చొప్పున పోతాయి కాబట్టి ‘లక్ష్మి’ అన్న చిన్న పేరుకే 7 స్థానాలు అవుతాయి. సందేశం 70 దాటితే రెండుగా లెక్కపడి ఖర్చు రెట్టింపవుతుంది. ప్రశ్న ఒక్కటే, పొట్టిగా పంపి, వివరణను ఫోన్లో చెప్పడమే మేలు.

తెలుగు పాఠ్య సామగ్రిలో ఇంకో పాత జబ్బు ఉంది. అచ్చు కోసం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను అలాగే పీడీఎఫ్ చేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. చూడ్డానికి తెలుగులా ఉంటుంది, కంప్యూటరుకు మాత్రం అది అర్థం లేని గుర్తుల వరుస. అందులో వెతకలేం, ఒక పేరా కాపీ చేసుకోలేం, చూపు లేని పిల్లలకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒక్క ముక్క చదవలేదు. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి గాని ఒత్తులు, వట్రుసుడులు తారుమారవుతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. కొత్త పుస్తకాలకైనా యూనికోడ్ మూల ప్రతిని అప్పగించాలని అచ్చు ఒప్పందంలోనే రాయాలి.

ఇక మనుషుల సంగతి. వారానికి ఒక పీరియడ్ ప్రశ్నలకు, మర్నాడు ఒక పీరియడ్ గుంపులకు టైమ్‌టేబుల్‌లో చోటు రాసి పెట్టకపోతే పెట్టె దుమ్ము పడుతుంది. టీచర్ల శిక్షణ ఒక పెద్ద హాల్లో ఒక రోజు ప్రసంగంతో అయ్యేది కాదు. వాళ్ల బడిలోనే, వాళ్ల పెట్టెతోనే, రెండు పూటలు. మొదటి పూట ఆన్ చేయడం, ఆపడం, పాస్‌వర్డు మార్చడం, కనెక్ట్ కాకపోతే చూసుకోవాల్సినవి. రెండో పూట రిపోర్టు చదివి గుంపులు చేయడం. ఒకరికి నేర్పితే బదిలీతో పాటు విద్య కూడా వెళ్లిపోతుంది, కాబట్టి ప్రతి బడిలో ఇద్దరికి నేర్పాలి. 20 బడులకు ఒక మరమ్మతు మనిషి, ఆ మనిషి సంచిలో సిద్ధంగా రెండు అడాప్టర్లు, ఒక ఎస్‌ఎస్‌డీ కాపీ, ఒక యాక్సెస్ పాయింటు ఉంటే పాడైన పెట్టె వారంలో లేస్తుంది. కొన్న ధరలో ఐదో వంతు ఏటా నిర్వహణకు విడిగా కేటాయించకపోతే మూడో ఏడు నుంచి పెట్టెలు ఒక్కొక్కటిగా మూలపడతాయి.

పిల్లల వివరాల విషయంలో పట్టింపు ఉండాలి. పెట్టెలో పిల్లవాడికి రోల్ నంబరు, మారుపేరు చాలు. పుట్టిన తేదీ, ఫోను నంబరు, ఫోటో ఎక్కించే అవసరం లేదు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, ఒప్పందం ముగిసిన నాడు పిల్లల రికార్డులు, టీచర్లు రాసిన ప్రశ్నలు మామూలు పట్టిక రూపంలో తిరిగి ఇచ్చే షరతు లేకుండా సంతకం చేయకూడదు. మొదటి ఏడు ఉచితం అన్న చోట ఈ షరతు ఇంకా ముఖ్యం. ప్రశ్నలన్నీ వాళ్ల దగ్గర ఇరుక్కున్నాక రెండో ఏటి ధర వాళ్లు చెప్పిందే అవుతుంది.

చివరిగా, ఇది పనిచేస్తోందా లేదా అన్నది కొలిచే తీరు. మొదటి ఏడు అన్ని బడులకూ ఎలాగూ ఇవ్వలేరు. కాబట్టి ఎవరికి ముందు ఇవ్వాలో సిఫారసులతో కాక బహిరంగంగా చీటీలు తీసి నిర్ణయించాలి. పేరు రాని బడులే పోలికకు ఆధారం అవుతాయి, వాటికి రెండో ఏడు ఇవ్వాలి. రెండు రకాల బడుల్లోనూ ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, బయటి బడి టీచర్లు వచ్చి ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించాలి, నాలుగు లెక్కలు కాగితం మీద చేయించాలి. పెట్టెలో వచ్చిన మార్కులను రుజువుగా తీసుకోకూడదు, అదే రకం ప్రశ్నలు చేసి చేసి పిల్లలకు ఆ తెర అలవాటై ఉంటుంది. ఫలితాలు బడుల వారీగా బయట పెట్టేటప్పుడు ఆ ఏడాదిలో పెట్టె ఎన్ని రోజులు ఆగిపోయి ఉందో కూడా పక్కనే అచ్చువేయాలి. ఆ వరుస లేకపోతే చదువు మెరుగవ్వకపోవడానికి కారణం పాఠాలా, పాడైన అడాప్టరా అన్నది తేల్చలేం.

ఇట్లు,
బడి సర్వర్లు, ప్రశ్నల నిధుల పని చూసే కొందరు ఉపాధ్యాయులు, సాంకేతిక సిబ్బంది